అమ్మ నడుం నొప్పికి ఒక అంకె

మా అమ్మ నడుం నొప్పికి కారణం నేనేనని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. నా ముందరే అనేవాళ్ళు. సింహాద్రిపురం దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటల మధ్య చిన్న ఊరు మాది. ఏ మాటైనా చాటుగా అనడం అక్కడ ఎవరికీ చేతకాదు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సింది పోయి కాళ్ళు ముందు వచ్చాయట. పులివెందులకు తీసుకుపోవడానికి జీపు దొరికేలోపల మంత్రసాని ఆ కాళ్ళు పట్టుకుని లాగిందట. "తల్లి దక్కింది, బిడ్డ దక్కింది, నడుమొక్కటే దక్కల్యా" అని మా మేనత్త నవ్వుతూ చెప్పేది. అమ్మ ఆ మాట ఒప్పుకునేది కాదు. "బాయి కాడ జారి పడినాలే, మధ్యలో బిడ్డనెందుకంటారు" అనేది. ఏ బావి, ఎప్పుడు పడ్డావు అని అడిగితే పొయ్యి దగ్గర ఏదో పని గుర్తుకొచ్చేది ఆమెకు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు పాదంతో తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. అందువల్ల నాకు ఊహ తెలిసేనాటికే నేను ఊరికి వైద్యురాలిని. చీనీకాయల గంపలు మోసి నడుం పట్టేసినవాళ్ళు, నీళ్ళ బిందె ఎత్తబోయి అట్లాగే వంగిపోయినవాళ్ళు పొద్దున్నే మా ఇంటికొచ్చి బోర్లా పడుకునేవాళ్ళు. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ళ వీపుల మీద నడిపించేది. మా నాయన చర్చి బడిలో అయ్యవారు. ఆయనకు ఇవి గిట్టేవి కావు. "దేవుని బిడ్డలం మనం, ఏంది ఈ పిచ్చి" అని కేకలేసేవాడు. ఆయన ఇంట్లో ఉన్న రోజు జనం పెరటి వైపు నుంచి వచ్చేవాళ్ళు.

తొక్కడం అయిపోయాక లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ తిరిగి, "తగ్గిందమ్మా, శానా తగ్గింది" అని నా గడ్డం పట్టుకుని పోయేవాళ్ళు. తగ్గలేదని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. మరి అంతగా తగ్గినవాళ్ళు వారం తిరక్కుండానే మళ్ళీ ఎందుకొస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. కొంచెం ఎదిగాక అర్థమైంది. చిన్నపిల్ల మొహం చిన్నబోకూడదని ఆ మాట అనేవాళ్ళు. అంతే.

అమ్మ నడుం మీద మాత్రం నా కాలు ఎన్నడూ పడలేదు. కన్నతల్లికి బిడ్డ కాలు తగలకూడదు కదా. అందరికీ నా కాలు పంచిపెట్టి, తను మాత్రం ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో ఇల్లూడ్చుకునేది.

ఇప్పుడు నేను పెద్దముడియం మండలంలో ఒక బడిలో టీచరును. కాపురం జమ్మలమడుగులో. కాపురమంటే నేనూ, అమ్మే. నా పెళ్ళి సంగతి వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు. నాయన పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికే ఆమెకు పొద్దున్నే మంచం దిగడం ఒక పెద్ద పని. ముందు పక్కకు తిరగాలి. కాళ్ళు కిందికి జార్చాలి. నేను వంగితే నా మెడ చుట్టూ చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి లేవాలి. లేచాక కూడా నిటారుగా అయ్యేందుకు చాలాసేపు పట్టేది. "ఎవురి చెయ్యీ పట్టుకోకుండా ఒగపొద్దు లేస్తే సాలు, ఇంగేం వద్దు నాకు" అనేది. నాకు కూడా అంతకు మించి ఏమీ వద్దు. కారు అడగలేదు, మేడ అడగలేదు. మా అమ్మ తనంతట తాను మంచం దిగాలి, అంతే నా కోరిక.

ఆ కోరిక పట్టుకుని తిరగని చోటు లేదు. జమ్మలమడుగులో సూదులేసే ఆర్ఎంపీ, ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు, నూనెతో మర్దన చేసే ఒకాయన, నడుం చుట్టూ బిగించే బెల్టు. స్కానింగు తీయించాం. వయసు మీద వచ్చే అరుగుదల, ఆపరేషన్ చేసినా గ్యారంటీ లేదు అన్నారు. ఒకసారి నేను బడిలో ఉన్నప్పుడు వీధిలో ఆడవాళ్ళు ఆమెను ఆటో ఎక్కించి, ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయారు. సాయంత్రం వచ్చి చూస్తే నడుం మీద ఎర్రగా బొబ్బలు. నేను వీధి వీధంతా వినపడేలాగ అరిచాను. నాకు కోపం ఎక్కువ, అది మా బడి పిల్లల్ని అడిగినా చెప్తారు. అరిచి అరిచి చివరికి, "తగ్గిందా మరి?" అని అడిగాను. "తగ్గిందిలే" అంది అమ్మ. మర్నాడు పొద్దున నా మెడ పట్టుకునే లేచింది.

అట్లాంటి రోజుల్లో మా వీధికొచ్చే ఆశా కార్యకర్త ఒక కబురు తెచ్చింది. ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రి వాళ్ళు, చాలా ఏళ్ళుగా నడుం నొప్పి ఉన్నవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నారట. జమ్మలమడుగులో కూడా ఒక హాలు అద్దెకు తీసుకున్నారట. నేను అమ్మను తీసుకుని ముందు ప్రొద్దుటూరుకే పోయాను. అక్కడి డాక్టరు మాటకారి కాదు. "ఇట్లాంటి నొప్పికి మాత్రలున్నాయి, సూదులున్నాయి, బెల్టులున్నాయి మేడం. వాటిలో ఏది నిజంగా పనిచేస్తుందని అడిగితే, గట్టిగా చెప్పేందుకు మా దగ్గర ఉన్నది తక్కువ. అందుకే ఈ పని పెట్టుకున్నాం" అన్నాడు. నాకు తెలియదు అని చెప్పిన డాక్టరును నేను అదే మొదటిసారి చూడటం. అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

రెండు పద్ధతులు. ఒక గుంపుకు మామూలుగా ఇచ్చే మాత్రలు, జాగ్రత్తలు. ఇంకో గుంపుకు ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చోబెట్టి వ్యాయామం నేర్పించడం, వంగడానికి భయపడేవాళ్ళకు ఆ భయం పోగొట్టడం. ఎవరు ఏ గుంపులో పడేదీ కంప్యూటరే తేలుస్తుంది, ఇందులో సిఫార్సులు పనిచేయవు అన్నాడు. "చీటీలేసినట్లా నాయనా?" అంది అమ్మ. "అంతేనవ్వా" అన్నాడు. అమ్మ అక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమెకు వ్యాయామం గుంపే వచ్చింది.

జమ్మలమడుగు హాల్లో ఆ వ్యాయామాలు నేర్పే అమ్మాయిది చక్రాయపేట దగ్గర పల్లె. తండ్రి వేరుశనగ రైతు. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది ఆ పిల్లేనట. ఈ సంగతులన్నీ మా ఆడవాళ్ళు మొదటి రోజే రాబట్టేశారు. పెళ్ళయిందా, జీతమెంత, పర్మనెంటా అని మొహం మీదే అడిగారు. "యాడి పర్మనెంటవ్వా! కాంట్రాక్టే. ఈ పరిశోధన బాగా జరిగితే ఇంగోదాంట్లోకి తీసుకుంటారు, లేకుంటే మా నాయనతో పాటు శనక్కాయలు పెరకాల" అని నవ్వింది ఆ పిల్ల. తమాషాకన్న మాట అది. కానీ చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళెవరూ నవ్వలేదు.

వారానికి రెండు సార్లు అమ్మ అక్కడికి పోయేది. శనివారాలు నేను తోడు వెళ్ళేదాన్ని. అమ్మ పక్క చాప మీద కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక సాయిబుల ఆమె ఉండేది. అక్కడ ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మను ఎత్తీ దించీ నడుం పోగొట్టుకుంది. నోరు గల మనిషి, మనసూ ఉన్న మనిషి. ఆ గుంపుకంతా ఆమే పెద్ద.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం, మోకాళ్ళ మీద ఉండి వీపు పైకీ కిందికీ చేయడం, అడుగులో అడుగు వేస్తూ హాలు చుట్టూ తిరగడం. చూసేందుకు చాలా తేలికైన పనులు. వాటికంటే ఆ పిల్ల చెప్పే మాట ముఖ్యం. "నొప్పొస్తాందంటే లోపల ఏదో ఇరిగిపోతాండాదని కాదవ్వా. నీ నడుం గట్టిదే. నువ్వే దాన్ని నమ్మడంల్యా" అనేది. అంటూ తన అరచెయ్యి అమ్మ నడుం మీద ఆనించి ఉంచేది. ఆ చెయ్యి ఉన్నంతసేపూ అమ్మ వంగేది. కొన్నాళ్ళకు ఒక ఆదివారం వంటింట్లో గరిటె కింద పడితే అమ్మ తానే వంగి తీసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకు ఊహ తెలిశాక ఆమె నేల మీది వస్తువును అట్లా వంగి తీయడం నేను చూడలేదు. ఎప్పుడూ గోడ పట్టుకుని కూలబడి తీసేది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇంక నమ్మకమొచ్చేసింది నాకు. రోజూ బడి నుంచి రాగానే బ్యాగు పెట్టకముందే అడిగేదాన్ని, "తగ్గిందా అమ్మా?" అని. "తగ్గింది" అనేది. నేను చీర మార్చుకుని టీ పెట్టుకునేదాన్ని.

మధ్య మధ్యలో కడప నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. బూట్లు, టక్కు, చేతిలో ట్యాబు. ఒక్కొక్కరినే పచ్చ గుడ్డ తెర వెనక్కి పిలిచి నొప్పి ఎంతుందో అడిగి రాసుకునేవాడు. పిలిచీ పిలవగానే చెప్పే మొదటి మాట, "మీకు ఇక్కడ ఏం చేయిస్తున్నారో, ఎవరు చేయిస్తున్నారో నాతో చెప్పొద్దు. నాకు తెలియకూడదు" అని. దాని అర్థం డాక్టరు నాకు ముందే చెప్పి ఉన్నాడు. ఎవరికి ఏ పద్ధతో తెలిస్తే రాసుకునేవాడి మనసు ఒక పక్కకు మొగ్గుతుందట. ఎంత పకడ్బందీగా చేస్తున్నారో అని మెచ్చుకున్నాను కూడా.

వానలు పడుతున్న రోజుల్లో ఒక శనివారం పొద్దున అమ్మ లేవలేకపోయింది. ఎప్పటిలా మెడ పట్టుకోవడం కూడా కుదరలేదు. వీపు కింద చేతులు పెట్టి ఎత్తి కూర్చోబెట్టాను. కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారుస్తోంది. "వద్దులే, ఈ వారం పోవద్దు" అన్నాను. "ఈ పొద్దు ఆ పిల్లోడొస్తాడు, పోవాల" అని పట్టుబట్టింది. డాక్టర్లకు చెప్పుకుంటుందిలే అని ఆటోలో తీసుకుపోయాను. తెర వెనక్కి పోయింది. నేను ఇవతల బెంచీ మీద కూర్చున్నాను. ఆ అబ్బాయి ఎప్పటిలా అడిగాడు. "పోయిన వారంలో మీ నొప్పి ఎంతుందమ్మా? సున్నా అంటే అస్సలు లేదని. పది అంటే ఇంతకు మించిన నొప్పే ఉండదని."

"రొండు నాయనా" అంది అమ్మ.

నేను దిగ్గున లేచాను. కువైట్ ఆమె నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. "గమ్మునుండక్కా" అంది. హాలు బయటికి తీసుకుపోయి విషయం చెప్పింది. వాళ్ళంతా ఎప్పుడో కూడబలుక్కున్నారు. అందరూ రెండో, మూడో చెప్తున్నారు. ఒకే అంకె చెప్తే అనుమానమొస్తుందని కొందరు మార్చి చెప్తున్నారు కూడా.

"ఆయప్ప తనిఖీకొస్తాండాడక్కా. తెల్దా ఏంది? పాప పేరు ఎత్తద్దంటాడు, తెరేసుకోని ఒగొగుర్నే అడుగుతాడు. మాకు తగ్గల్యా అంటే పాపకు పని రాదని రాసి పంపుతాడు. ఆ పిల్ల పోయి శనక్కాయలు పెరుక్కోవాల్నా?"

"అది తనిఖీ కాదు. ఈ వైద్యం పనిచేస్తుందా లేదా అని లెక్క చూస్తున్నారు" అన్నాను.

"పనిచెయ్యల్యా అంటే ఎవురి మీదికొస్తాది? వైద్యం మీదికా, పాప మీదికా?"

నాకు మా బడి గుర్తొచ్చింది. మా బడికి పైనుంచి ఎవరైనా వస్తే, "టీచరు రోజూ పాఠం చెప్తుందా?" అని అడుగుతారు. "చెప్తుంది సార్!" అని పిల్లలు గోడలు అదిరేలాగ అరుస్తారు. నేను ముందురోజు సెలవులో ఉన్నా సరే అట్లాగే అరుస్తారు. వాళ్ళకెవరూ నేర్పలేదు. మనిషి బాగుంటే, ఆ మనిషిని ఎవరో బయటివాడొచ్చి తూకం వేస్తుంటే, మావాళ్ళు ఇట్లాగే చేస్తారు. పరిశోధన పెట్టినవాళ్ళు ఎక్కడా మోసం జరగకూడదని ఆ అబ్బాయిని తెర వెనక కూర్చోబెట్టారు. ఆ తెర చూసే వీళ్ళు అబద్ధానికి దిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కానీ కోపం మాత్రం బాగా వచ్చింది.

ఆ కోపంలోనే పోయి అబ్బాయికి చెప్పాను. పాపం, ఓపికగానే విన్నాడు. "మనిషి తన నోటితో చెప్పిందే రాసుకోవాలి మేడం. ఇంట్లోవాళ్ళు చెప్పింది రాసేందుకు ఇందులో చోటు లేదు" అన్నాడు. తర్వాత ఫిజియో పిల్లను పక్కకు పిలిచి చెప్పాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది. "నేనట్ల చెప్పమన్ల్యా మేడం. ఒట్టు. నిజంగానే తగ్గుతాందనుకుంటాండా. పొద్దున బస్సులో ఆ మాటే తల్చుకుంటా వస్తాండా" అంది. ఆ రోజు వాళ్ళ ముందర నిలబడి, ఉన్నదున్నట్లు చెప్పండని చేతులు జోడించింది. "అట్లనే తల్లీ" అన్నారు అందరూ. ఆ చేతులు జోడించడం చూశాక వాళ్ళ పట్టుదల ఇంకా ఎక్కువైంది.

గడువు అయిపోయింది. ప్రొద్దుటూరు డాక్టరు వచ్చి, జమ్మలమడుగు హాల్లో ఆడవాళ్ళకు గుణం బాగా కనిపించిందని మెచ్చుకున్నాడు. తలా ఒక చాప, వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఇచ్చారు. ఇంత తగ్గిన వాళ్ళకు ఇంక హాలుతో పనిలేదు, ఇంట్లో చేసుకుంటే చాలు అన్నారు. హాలు తాళం పడింది. పిల్ల ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయింది, కొత్త పరిశోధన మొదలయ్యేదాకా అక్కడే ఉండమన్నారట. ఆడవాళ్ళు ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టారు, ఆ పిల్లను మాత్రం పోగొట్టుకున్నారు.

అమ్మ కొన్నాళ్ళు ఇంట్లో చాప పరుచుకుని చేసింది. నేను పక్కన కూర్చుని నడుం మీద చెయ్యి ఆనించాను. నా చెయ్యి చాల్లేదు. ఆ పిల్ల చేతి కింద పోయిన భయం నా చేతి కింద తిరిగొచ్చింది. నేను కసురుకోకుండా ఉండాలని ఎంత అనుకున్నా, "ఇంకొంచెం వంగు, ఏం కాదు" అనే మాట నా నోట్లో కసురులాగే వచ్చేది. చలికాలం వచ్చేసరికి చాప మంచం కిందికి పోయింది. పొద్దున్నే నా మెడ, రాత్రికి నా భుజం. తర్వాత స్నానానికి కూడా నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

ఒక రోజు సెలవు పెట్టి ప్రొద్దుటూరు పోయి డాక్టరుకు అంతా చెప్పాను. ఆడవాళ్ళ కూడబలుకు గురించి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ అమ్మను తీసుకురండి మేడం. ఆమె తన నోటితో చెప్తే చాలు. మళ్ళీ పరీక్ష చేసి, అవసరమైతే వెన్ను దగ్గర సూది వేయిస్తాను. ఇక్కడే ఫిజియోథెరపీ కూడా పెట్టిస్తాను" అన్నాడు. ఇంత సులభమా అనిపించింది. అమ్మ ఒక్క మాట అంటే చాలు.

ఇంటికొచ్చి అమ్మకు వంద సార్లు చెప్పాను. "ఉన్నదున్నట్లు చెప్పు. నీకు దండం పెడతా" అన్నాను. "చెప్తాలేమ్మా, ఎందుకు చెప్పను" అంది.

కారు మాట్లాడుకుని పోయాం. డాక్టరు గది తలుపు తీసేసరికి ఆ పిల్ల అక్కడే ఉంది. కిటికీ పక్క బల్ల మీద ఏవో కాగితాలు సర్దుతోంది. అమ్మను చూడగానే "అవ్వా!" అని పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. కొత్త పరిశోధనలోకి తనను తీసుకునే మాట నడుస్తోందని, డాక్టరుగారే పేరు రాశారని ఆ సంతోషంలో చెప్పేసింది. అమ్మ ఇంక నిజం చెప్పదని నాకు అక్కడే అర్థమైంది. డాక్టరు అమ్మను కూర్చోబెట్టి, "చెప్పమ్మా, నొప్పి ఎట్లుంది?" అన్నాడు.

అమ్మ ఆ పిల్ల వైపు ఒకసారి చూసింది. నా వైపు చూడలేదు.

"బాగుండా నాయనా. తగ్గింది. మా బిడ్డకే కంగారు ఎక్కువ" అంది. అని కుర్చీ చేతులు కూడా పట్టుకోకుండా లేచి నిలబడింది.

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మా అమ్మ లేవడం నేను చూశాను. నేను కోరుకున్నది కళ్ళ ముందర జరిగింది. ఆమె మెడ నరాలు పొంగి ఉన్నాయి, చీర కుచ్చిళ్ళను పిడికిట్లో బిగించి పట్టుకుంది. డాక్టరు వంగమన్నాడు, వంగింది. నడవమన్నాడు, తలుపు దాకా నడిచింది. డాక్టరు నా మొహం చూశాడు. పెద్దవాళ్ళ విషయంలో ఇంట్లోవాళ్ళు కొంచెం ఎక్కువగా బెంగపడతారనే చూపు అది. నేను గట్టిగా, "అబద్ధం చెప్తోంది సార్" అన్నాను. అమ్మ ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి నవ్వుతూ నిలబడింది. నా మాట ఆ గదిలో ఎవరికీ పనికిరాలేదు.

తిరుగుదారిలో స్పీడ్‌బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆమె గోళ్ళు నా మోచేతిలో దిగాయి. నేను దారంతా తిట్టాను. కారు డ్రైవరు కూడా నన్ను అద్దంలోంచి వింతగా చూశాడు. "ఆ పిల్ల ముందర ఎట్ల చెప్పేది?" అని ఒక్క మాట అంది అమ్మ. తర్వాత కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఇంకో ఆస్పత్రికి పోదామని నేనెన్నిసార్లు అన్నా కారెక్కను అని మొండికేసింది. ఆ రోజు అక్కడ లేచి నిలబడిందే, అదే ఆఖరు. మళ్ళీ తనంతట తాను నిలబడలేదు.

ఇప్పుడు మంచంలోనే ఉంది. పక్కకు తిప్పాలన్నా ఇద్దరం కావాలి, అందుకని ఒక ఆమెను పెట్టుకున్నాను. ఫిజియో పిల్లకు తిరుపతిలో ఉద్యోగం దొరికింది, ఇది పర్మనెంటే. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు అమ్మ మొహం వెలిగిపోయింది. "బువ్వ తిన్న్యావా తల్లీ" అని అడిగింది. తన సంగతి ఆ పిల్ల అడిగితే బాగుండా అంది.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఇంకో ఫోన్ వచ్చింది. పరిశోధనలో ఉన్నవాళ్ళకు చివరిసారి చేస్తున్నామన్నారు. మాట్లాడేది ఎవరో కొత్త అబ్బాయి, గొంతు మావైపుది కాదు. పెద్దామెతోనే మాట్లాడాలన్నాడు. స్పీకరు పెట్టి ఫోను దిండు మీద ఉంచి, నేను మాత్రలు సర్దుతున్నాను. అతను ఏదో చదువుతున్నట్టు చెప్పుకుపోతున్నాడు. అమ్మ మధ్యలో ఆపింది.

"మాకు కసరత్తు నేర్పించిన పాప ఇప్పుడు మీ కాడ ల్యా గదా నాయనా?"

"లేరండి. ఆవిడ మానేశారు."

"నేనేం చెప్పినా ఆ పాపకు ఏం గాదు గదా?"

"ఆవిడకి దీంతో ఏం సంబంధం లేదండి."

అమ్మ పైకప్పు వైపు చూసింది. "అయితే రాసుకో. పది" అంది.

అతను కొంచెం తడబడ్డాడు. "పది అంటే అమ్మా, ఇంక భరించలేనంత అని..."

"తెలుసు నాయనా, ముందరొచ్చినాయన శానాసార్లు చెప్పినాడు. పదే. ఈ పొద్దు మాట గాదు. ఆ హాలుకు వచ్చేటప్పుడూ పదే. అంతకు ముందర, మా ఊర్లో ఉన్నప్పుడూ పదే."

రాసుకున్నాననీ, విలువైన సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలనీ చెప్పి అతను పెట్టేశాడు. అంతే. ఆ పది ఎక్కడికి పోయిందో, ఎవరు చూశారో నాకు తెలియదు.

నా చేతిలో మాత్రల డబ్బా అట్లాగే ఉంది. ఇన్నేళ్ళు ఆమెను ఎత్తీ దించీ, కడిగీ తుడిచీ, ఆస్పత్రుల చుట్టూ తిప్పింది నేను. ఆ మాట చెప్పింది మాత్రం ముక్కూ మొహం తెలియని ఒక పిల్లోడికి. దుఃఖం, రోషం రెండూ ఒక్కసారే వచ్చాయి. మంచం పట్టె మీద కూర్చుని, "నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారి, ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

అమ్మ నా వైపు తల తిప్పడానికి ప్రయత్నించింది, కుదరలేదు. చెయ్యి వెతుక్కుని నా మోకాలి మీద పెట్టింది.

"నువ్వెప్పుడడిగితివమ్మా ఎంతుందని?" అంది మెల్లగా. "తగ్గిందా, తగ్గిందా అనే గదా అడిగితివి."